గేమింగ్ సైటు నుంచి మీ పాస్‌వర్డ్ లీకైతే ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

మా సర్వర్లలోకి ఎవరో చొరబడ్డారు, పాస్‌వర్డ్ మార్చుకోండి అంటూ ఒక గేమింగ్ సైటు నుంచి మెయిల్ వస్తుంది. చాలామంది వెంటనే అందులోని లింకు నొక్కి, అక్కడ పాస్‌వర్డ్ మార్చేసి, పీడ వదిలిందనుకుంటారు. ఇందులో తప్పులు రెండు. ఆ మెయిల్ పంపింది ఎవరో తేల్చుకోకుండా లింకు నొక్కడం ఒకటి. అన్నిటికన్నా చివర చేయాల్సిన పనిని అన్నిటికన్నా ముందు చేయడం రెండోది. ఆ సైటులోని మీ ఖాతాతో దొంగకు పెద్దగా పని లేదు. మీ పేరుతో నాలుగు పోస్టులు పెడితే వాడికి ఒరిగేదేమీ ఉండదు. అక్కడ దొరికిన ఈమెయిల్, పాస్‌వర్డ్ జత ఇంకెక్కడ పనిచేస్తుందన్నదే వాడి ఆరా. కాబట్టి మీ పని వరస ఇలా ఉండాలి: ఏం పోయిందో తెలుసుకోవడం, మీ కంప్యూటర్ శుభ్రంగా ఉందో లేదో చూసుకోవడం, తర్వాత ఈమెయిల్, తర్వాత అదే పాస్‌వర్డ్ వాడిన చోట్లు, గేమ్ ఖాతాలు. లీకైన సైటు వంతు చిట్టచివర.

ముందు, ఏం పోయిందో చూడండి

మెయిల్లోని లింకు జోలికి పోకుండా సైటు చిరునామాను బ్రౌజర్‌లో మీరే టైప్ చేసి వెళ్లండి. లీక్ నిజమైతే హోం పేజీలోనో ప్రకటనల విభాగంలోనో ఆ సంగతి ఉంటుంది. సైటు తెరుచుకోకపోతే వాళ్ల అధికారిక సోషల్ మీడియా ఖాతా చూడండి. చూడాల్సిన మూడో చోటు హ్యావ్ ఐ బీన్ పౌన్డ్. భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది. పేరులో చివరి మాటను పి, డబ్ల్యూ, ఎన్, ఇ, డి అక్షరాలతో రాయాలి. మీ ఈమెయిల్ ఇస్తే అది ఏయే లీకుల్లో దొరికిందో, ఒక్కో లీకులో ఏయే రకాల వివరాలు పోయాయో చెబుతుంది. ఈమెయిల్ వెతకడానికి పాస్‌వర్డ్ అడగదు, పోయిన పాస్‌వర్డ్‌ను చూపించదు కూడా. డబ్బు కడితే మీ లీకైన పాస్‌వర్డ్ చూపిస్తామనే సైట్లు వేరే ఉన్నాయి. దొంగసొత్తు అంగడి పెట్టినవాళ్లు వాళ్లు, దూరంగా ఉండండి. ఒక మాట గుర్తుంచుకోండి: ఇక్కడ మీ ఈమెయిల్ కనిపించలేదంటే లీక్ కాలేదని కాదు, ఇంకా వీళ్ల దాకా రాలేదని మాత్రమే.

ప్రకటన దొరికాక అందులో తేదీ చూడండి. మీకు మెయిల్ వచ్చిన తేదీ కాదు, డేటా పోయిన తేదీ. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు ఉంటుంది ఈ వ్యవహారం. ఒక్కోసారి ఆర్నెల్లు కూడా తక్కువే. ఎక్స్‌బాక్స్ 360 ఐఎస్ఓ, పీఎస్‌పీ ఐఎస్ఓ అనే రెండు గేమింగ్ సైట్ల నుంచి దాదాపు 25 లక్షల ఖాతాల వివరాలు 2015లో పోతే, సంగతి బయటపడింది 2017లో. అంటే మీరు వెతకాల్సింది ఇప్పటి పాస్‌వర్డ్ గురించి కాదు, ఆ రోజుల్లో వాడిన పాస్‌వర్డ్ గురించి. పోయినేడాది మార్చేశాను కదా అని ధీమా పడకండి. ఆ పాతది ఇంకెక్కడైనా బతికే ఉందేమో చూడాలి.

తర్వాత చూడాల్సింది ఏయే వివరాలు పోయాయన్నది. ఒకే కంపెనీ, ఒకే దాడి అయినా అందరికీ ఒకే నష్టం జరగదు. 2016 ఆగస్టులో ఎపిక్ గేమ్స్ చర్చావేదికల మీద దాడి జరిగి 8 లక్షలకు పైగా ఖాతాల వివరాలు పోయాయి. అన్‌రియల్ ఇంజిన్ వేదికలో ఈమెయిళ్లు వగైరా పోయినా పాస్‌వర్డ్‌లు పోలేదని కంపెనీ చెప్పింది. పాత గేర్స్ ఆఫ్ వార్, ఇన్ఫినిటీ బ్లేడ్ వంటి వేదికల సభ్యులకు మాత్రం హ్యాష్ చేసిన, అంటే గుర్తుపట్టలేని గొలుసుగా మార్చిన పాస్‌వర్డ్‌లు కూడా పోయాయి. మీరు ఏ వేదికలో ఉన్నారన్నదాన్ని బట్టి ఆ రోజు మీ పని గంటదా, పూటంతానా అన్నది తేలేది.

ఇలాంటి సైట్ల డేటాబేసులో ఒక సభ్యుడి వరసలో మామూలుగా ఉండేవి ఇవి: యూజర్‌నేమ్, ఈమెయిల్, పాస్‌వర్డ్ హ్యాష్, పుట్టిన తేదీ, చేరిన తేదీ, ఆఖరిసారి లాగిన్ అయిన ఐపీ చిరునామా. వేరే పట్టికలో ప్రైవేటు మెసేజీలుంటాయి. అన్నిటికన్నా జనం మర్చిపోయేది ఈ మెసేజీలనే. ప్రైవేటు అని పేరే గానీ, చాలా సైట్లలో అవి డేటాబేసులో మామూలు అక్షరాలుగానే ఉంటాయి. ఎవరితోనో గేమ్ ఐటమ్ మార్పిడి చేసుకుంటూ రాసిన ఫోన్ నంబరు, పార్సిల్ చిరునామా, గేమ్ ఖాతా పాస్‌వర్డ్ అందులో ఉంటే అవీ పోయినట్టే.

హ్యాష్ చేశామంటే భరోసానా?

ప్రకటనల్లో పాస్‌వర్డ్‌లు హ్యాష్ చేసి ఉన్నాయి, కంగారు పడనక్కర్లేదు అనే వాక్యం తప్పకుండా ఉంటుంది. ఏ హ్యాష్ అన్నది చూడకుండా ఆ వాక్యాన్ని నమ్మకండి. హ్యాష్ అంటే పాస్‌వర్డ్‌ను వెనక్కి తిప్పలేని ఒక అంకెల, అక్షరాల గొలుసుగా మార్చడం. దొంగ దాన్ని వెనక్కి తిప్పడు. లక్షల పాస్‌వర్డ్‌లను ఊహించి, ప్రతిదాన్నీ అదే పద్ధతిలో హ్యాష్ చేసి, ఏది సరిపోతుందో చూస్తాడు. కాబట్టి అసలు ప్రశ్న, ఒక్కో ఊహకు వాడికి ఎంత సమయం పడుతుందన్నదే.

1991 నాటి ఎండీ5 అనే హ్యాష్ పద్ధతిని పాత గేమింగ్ సైట్లు చాలాకాలం వాడాయి. ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే హ్యాష్‌క్యాట్ అనే టూల్‌తో సెకనుకు 16,000 కోట్ల ఎండీ5 ఊహలు దాటించగలదు. చిన్న అక్షరాలు, అంకెలు కలిపి 8 గుర్తుల పాస్‌వర్డ్‌లు మొత్తం 2.82 లక్షల కోట్లు. భాగించి చూడండి: అన్నీ ప్రయత్నించడానికి 18 సెకన్లు కూడా పట్టదు. పెద్ద అక్షరాలూ కలిపితే అరగంట లోపు. అదే కార్డు బీక్రిప్ట్ అనే కావాలనే నెమ్మదిగా నడిచే హ్యాష్ మీద, కాస్టు (ఒక్కో హ్యాష్‌కు ఎంత పని చేయించాలో చెప్పే అంకె) 5 దగ్గర, సెకనుకు 2 లక్షల ఊహలు కూడా చేయలేదు. కాస్టు ఒక్కో మెట్టు పెరిగినకొద్దీ పని రెట్టింపవుతుంది. కాస్టు 10 పెట్టిన సైటులో ఆ 18 సెకన్ల పని పదిహేనేళ్లు పడుతుంది.

ప్రకటనలో ఎండీ5 లేదా ఎస్‌హెచ్ఏ-1 అని ఉంటే మీ పాస్‌వర్డ్ వాళ్ల చేతిలో ఉన్నట్టే అనుకోండి. సాల్ట్, అంటే హ్యాష్ చేసేముందు పాస్‌వర్డ్‌కు చేర్చే అడ్డదిడ్డపు అక్షరాలు, కలిపామన్నా అంతే. ఒక్కో సభ్యుడి పాస్‌వర్డ్‌కు ఒక్కో చిటికెడు ఉప్పు వేస్తే అందరివీ ఒకేసారి విరగవు గానీ, మీ ఒక్కరిది విరగ్గొట్టడం కష్టమేమీ కాదు. బీక్రిప్ట్, ఆర్గాన్2 అని ఉంటే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు, అదీ మీ పాస్‌వర్డ్ గట్టిదైతేనే. పేరు, పుట్టిన ఏడు కలిపిన పాస్‌వర్డ్‌ను ఏ హ్యాషూ కాపాడలేదు. సోషల్ గేమ్ యాప్‌లు నడిపిన రాక్‌యూ నుంచి 2009లో 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు, అదీ హ్యాష్ చేయకుండా ఉన్నవి, బయటపడ్డాయి. ఊహలు మొదలుపెట్టడానికి ఆ జాబితాను ఇప్పటికీ వాడుతున్నారు. ఏ పద్ధతో ప్రకటనలో చెప్పకపోతే చెడ్డ పద్ధతే అనుకుని ముందుకెళ్లండి.

గూగుల్, స్టీమ్ (గేములు అమ్మే స్టోరు), డిస్కార్డ్ (గేమర్ల చాట్ యాప్) బటన్‌తో ఆ సైటులోకి లాగిన్ అయ్యేవారైతే అక్కడ మీ పాస్‌వర్డ్ అసలు లేదు. స్టీమ్ బటన్ ద్వారా సైటుకు చేరేది 17 అంకెల స్టీమ్ ఐడీ మాత్రమే. మీకు మిగిలే పని, ఆ గూగుల్ లేదా డిస్కార్డ్ ఖాతా సెట్టింగ్స్‌లో ఆ సైటుకు ఇచ్చిన అనుమతిని తీసేయడం.

దొంగ పడింది అక్కడా, మీ ఇంట్లోనా?

ఈ మెట్టు దాటేసి పాస్‌వర్డ్‌లు మార్చుకుంటూ పోతే పడ్డ శ్రమంతా వృథా కావచ్చు. ఒక్క సైటు లీకైతే ఆ పాస్‌వర్డ్ వాడిన ఖాతాలే ప్రమాదంలో పడతాయి. వేర్వేరు పాస్‌వర్డ్‌లున్న మూడు నాలుగు ఖాతాలు ఒకే రోజు చేజారితే అది ఆ సైటు లీక్ పని కాదు. మీ కంప్యూటర్‌లోనే పాస్‌వర్డ్‌లు దోచే మాల్‌వేర్ కూర్చుందని అర్థం. హ్యావ్ ఐ బీన్ పౌన్డ్‌లో మీ ఈమెయిల్ పక్కన స్టీలర్ లాగ్స్ (అలాంటి మాల్‌వేర్ దోచిన వివరాల జాబితాలు) అని ఉన్నా అదే సంకేతం.

రెడ్‌లైన్, లుమా వంటి ఈ స్టీలర్లు గేమర్లకు వచ్చే దారులు తెలిసినవే: ఉచిత చీట్, క్రాక్ చేసిన గేమ్, నా గేమ్ ఒకసారి టెస్ట్ చేసి పెట్టు అంటూ డిస్కార్డ్‌లో వచ్చే ఫైలు, యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయమనే మోడ్ (గేమును మార్చే ఫైలు). ఈమధ్య నకిలీ క్యాప్చా కూడా తోడైంది. మనిషివని నిరూపించుకో అంటూ విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, ఏదో పేస్ట్ చేసి ఎంటర్ కొట్టమంటుంది. నిజమైన క్యాప్చా ఏదీ అలా అడగదు. ఈ మాల్‌వేర్ బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లతో పాటు కుకీలు (మీరు లాగిన్ అయి ఉన్నారని సైటు గుర్తుపట్టే ఆనవాళ్లు) కూడా ఎత్తుకుపోతుంది. కుకీ చేతికి చిక్కితే దొంగకు పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు. అప్పటికే లాగిన్ అయి ఉన్న మీ సెషన్లోకి నేరుగా వచ్చేస్తాడు.

అనుమానం ఏ కాస్త ఉన్నా, పాస్‌వర్డ్‌లు మార్చే పని ఫోన్‌లోనో వేరే కంప్యూటర్‌లోనో చేయండి. అనుమానమున్న కంప్యూటర్‌ను నెట్ నుంచి తప్పించి, ఫోటోలు, పత్రాలు మాత్రం కాపీ చేసుకుని, విండోస్ మొత్తం కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే నమ్మదగ్గ మందు. యాంటీవైరస్ స్కాన్‌లో ఏమీ రాలేదంటే ఏమీ లేదని కాదు. చాలా స్టీలర్లు దోచుకున్న వెంటనే తమను తామే తుడిచేసుకుంటాయి.

ఈమెయిల్

మిగతా అన్ని ఖాతాల పాస్‌వర్డ్‌లూ ఈమెయిల్ ద్వారానే రీసెట్ అవుతాయి కాబట్టి తాళాలగుత్తి ఇదే. లీకైన పాస్‌వర్డ్ ఈమెయిల్‌కు వాడకపోయినా ఈ మెట్టు మానొద్దు.

ముందు పాస్‌వర్డ్ మార్చండి. వెంటనే సెక్యూరిటీ పేజీలో లాగిన్ అయి ఉన్న డివైజుల జాబితా తెరిచి, మీవి కానివన్నీ సైన్ అవుట్ చేయండి. తర్వాత రికవరీ ఫోను, రికవరీ ఈమెయిల్ మీవేనా చూడండి. మూలన పడేసిన పాత ఈమెయిల్ రికవరీగా ఉంటే తీసేయండి; దాని పాస్‌వర్డ్ కూడా అదే అయితే దొంగకు దొడ్డిదారి తెరిచి పెట్టినట్టు.

ఇప్పుడు ఎక్కువమంది తప్పిపోయే చోటు: ఫిల్టర్లు, ఫార్వర్డింగ్. ఇన్‌బాక్స్‌లోకి ఒక్కసారి దూరిన దొంగ తెలివైనవాడైతే పాస్‌వర్డ్ మార్చడు, మార్చితే మీకు తెలిసిపోతుంది. రీసెట్, సెక్యూరిటీ, స్టీమ్ వంటి మాటలున్న మెయిళ్లను తన చిరునామాకు పంపి, మీ ఇన్‌బాక్స్ నుంచి చెరిపేసేలా ఒక ఫిల్టర్ పెట్టి వెళ్లిపోతాడు. మీరు పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫిల్టర్ పనిచేస్తూనే ఉంటుంది. జీమెయిల్ అయితే కంప్యూటర్‌లో తెరవండి, ఫోన్ యాప్‌లో ఇవన్నీ కనిపించవు. పళ్లచక్రం గుర్తు నొక్కి, సీ ఆల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్, ఫార్వర్డింగ్ అండ్ పాప్, అకౌంట్స్ అండ్ ఇంపోర్ట్ అనే మూడు ట్యాబులూ చూడండి. మూడోదానిలో మీ తరఫున మెయిల్ పంపే చిరునామాలు, మీ ఖాతా చూసే అనుమతి ఉన్నవాళ్లు ఉంటారు. అవుట్‌లుక్‌లో ఇదే పని రూల్స్ అనే చోట. యాప్ పాస్‌వర్డ్‌లు, థర్డ్ పార్టీ యాప్‌ల అనుమతులు కూడా చూసి, పోల్చుకోలేనివి తీసేయండి.

చివరగా టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. ఎస్సెమ్మెస్ కన్నా అథెంటికేటర్ యాప్ మేలు. మీ నంబరుతో ఇంకో సిమ్ తీసుకునే మోసాలున్నాయి గనక. వీలైతే పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు మీ ఫోన్ లేదా కంప్యూటర్ లాక్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) అన్నిటికన్నా మేలు; అది ఏ సైటు కోసం చేసిందో ఆ సైటులోనే పనిచేస్తుంది, నకిలీ పేజీలో ఇద్దామన్నా ఇవ్వలేరు. అథెంటికేటర్ చూపే 6 అంకెల కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది, దాన్ని ఫోన్ గడియారాన్ని బట్టి లెక్కగడతారు. కోడ్ సరిగ్గా కొట్టినా తప్పంటుంటే ఫోన్ టైము ముందుకో వెనక్కో జరిగి ఉంటుంది. తేదీ, సమయం సెట్టింగ్స్‌ను ఆటోమేటిక్‌కు మార్చండి, సరిపోతుంది. గూగుల్ 10 బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి 8 అంకెలు. వాటిని కాగితం మీద రాసి దాచండి. స్క్రీన్‌షాట్ తీసి అదే ఈమెయిల్లో దాచుకోవడమంటే బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టి తలుపేయడం.

అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడ వాడారు

లీకైన జతలను దొంగలు పెద్ద జాబితాలుగా కూర్చి, వందల సైట్లలో యంత్రంతో ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నిస్తారు. మీరు ఎవరో వాళ్లకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

ఎక్కడెక్కడ వాడారో గుర్తు తెచ్చుకుంటూ కూర్చోకండి, గుర్తుకు రావు. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌ల పేజీ తెరవండి. క్రోమ్, ఐఫోన్ పాస్‌వర్డ్ మేనేజర్లు రెండూ, ఒకటే పాస్‌వర్డ్ వాడిన ఖాతాలనూ లీకైనవాటినీ విడిగా చూపిస్తాయి. తర్వాత ఇన్‌బాక్స్‌లో వెల్‌కమ్, వెరిఫై, యాక్టివేట్ అనే మాటలతో ఇంగ్లిషులో వెతకండి. పదేళ్ల కిందట తెరిచి మర్చిపోయిన ఖాతాలన్నీ బయటికొస్తాయి.

చివర ఒక అంకె మార్చిన పాస్‌వర్డ్‌ను వేరే పాస్‌వర్డ్‌గా లెక్కపెట్టకండి. అంకె పెంచడం, చివర ఆశ్చర్యార్థకం తగిలించడం, మొదటి అక్షరం పెద్దది చేయడం, సైటు పేరు ముక్క అతికించడం: ఈ మార్పులన్నీ ఊహించే టూళ్లకు నేర్పించినవే.

ఒక పాస్‌వర్డ్ ఇప్పటికే జాబితాల్లో ఉందో లేదో చూడాలంటే హ్యావ్ ఐ బీన్ పౌన్డ్‌లోనే పౌన్డ్ పాస్‌వర్డ్స్ అనే పేజీ ఉంది. పాస్‌వర్డ్‌ను ఎవరికో ఇవ్వడమేమిటని అనుమానం రావడం సహజం, రావాలి కూడా. అక్కడ జరిగేదిది: మీ బ్రౌజరే దాన్ని ఎస్‌హెచ్ఏ-1తో 40 గుర్తుల హ్యాష్‌గా మార్చి, మొదటి 5 గుర్తులు మాత్రం పంపుతుంది. ఆ 5 గుర్తులతో మొదలయ్యే హ్యాష్‌లన్నీ తిరిగి వస్తాయి. మీది అందులో ఉందో లేదో బ్రౌజరే వెతుకుతుంది. అయినా మనసొప్పకపోతే ఇప్పుడు వాడుతున్నది కొట్టకండి, మార్చేసిన పాతదే కొట్టి చూడండి.

కొత్త పాస్‌వర్డ్‌లన్నీ పాస్‌వర్డ్ మేనేజర్‌తో తయారు చేయించండి. బిట్‌వార్డెన్, కీపాస్‌ఎక్స్‌సీ ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో సైటుకు 16 నుంచి 20 గుర్తులు పెట్టండి, గుర్తుపెట్టుకునే బాధ మీకు లేదు. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది మేనేజర్ తాళం ఒక్కటే. దానికి పాచికల పద్ధతి బాగుంటుంది. 7,776 మాటల పట్టిక తీసుకుని, పాచిక ఐదుసార్లు వేస్తే వచ్చే ఐదంకెల సంఖ్యకు ఎదురుగా ఉన్న మాట రాసుకోండి. అలా ఆరు మాటలు. నచ్చలేదని మాట మార్చుకోకూడదు, ఎంపిక మీదైతే పాచిక వేసి లాభం లేదు. బ్రౌజర్ నుంచి మేనేజర్‌లోకి పాస్‌వర్డ్‌లు తరలించేటప్పుడు మధ్యలో సీఎస్‌వీ ఫైలు ఒకటి తయారవుతుంది. అందులో పాస్‌వర్డ్‌లన్నీ మామూలు అక్షరాల్లో ఉంటాయి. పనైపోగానే దాన్ని చెరిపేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఆ ఫైలు ఏళ్ల తరబడి పడి ఉండటం మామూలే.

గేమ్ ఖాతాలు

ఇక్కడ డబ్బుంది, ఏళ్ల తరబడి కొన్న గేములున్నాయి, అమ్ముకోదగ్గ ఐటమ్‌లున్నాయి. పాస్‌వర్డ్ వేరేదైనా సరే ఒకసారి తిరిగి రండి.

స్టీమ్‌లో పాస్‌వర్డ్ మార్చాక, స్టీమ్ గార్డ్ పేజీలో అన్ని డివైజుల నుంచీ సైన్ అవుట్ చేయండి. మొబైల్ అథెంటికేటర్ పెట్టుకున్నప్పుడు ఇంగ్లిషు ఆర్ అక్షరంతో మొదలయ్యే రికవరీ కోడ్ ఇస్తారు. ఫోను పోయిన రోజు అదే ఆధారం, కాగితం మీద ఉండాలి. తర్వాత వెబ్ ఏపీఐ కీ (వేరే ప్రోగ్రాములు మీ ఖాతాతో పనిచేయడానికి ఇచ్చే తాళంచెవి) పేజీ చూడండి. మామూలు ఆటగాడికి ఆ కీతో పనే ఉండదు. మీరు పెట్టని కీ అక్కడ ఉంటే వెంటనే రివోక్ చేయండి, అంటే రద్దు చేయండి. దాంతో దొంగ చేసే పని ఇది: మీరు స్నేహితుడికి ట్రేడ్ (ఐటమ్‌ల మార్పిడి) పంపిన మరుక్షణం దాన్ని రద్దు చేసి, అదే పేరు, అదే బొమ్మ పెట్టుకున్న తన ఖాతా నుంచి మరో ట్రేడ్ పంపిస్తాడు. మీరు ఫోన్‌లో చూసేది అదే ముఖం, అవే ఐటమ్‌లు. కన్ఫర్మ్ నొక్కితే పోయినట్టే. అందుకే ట్రేడ్ ఖాయం చేసేముందు అవతలి ఖాతా స్టీమ్‌లో చేరిన తేదీ, లెవెల్ చూడాలి. పేరు, బొమ్మ కాపీ కొట్టినంత తేలిక కాదు వాటిని కాపీ కొట్టడం. మొబైల్ అథెంటికేటర్ లేని ఖాతాల ట్రేడ్‌లను స్టీమ్ 15 రోజుల వరకు నిలిపి ఉంచుతుంది. విసుగ్గా ఉంటుంది గానీ దొంగతనం జరిగినప్పుడు కాపాడేది ఆ ఆలస్యమే.

మైక్రోసాఫ్ట్ ఖాతాలో అన్ని చోట్లా సైన్ అవుట్ అని నొక్కితే పని పూర్తవడానికి 24 గంటల వరకు పట్టవచ్చు, పైగా అది ఎక్స్‌బాక్స్ కన్సోళ్లకు వర్తించదు. ఎవరి కన్సోల్లోనో మీ ఖాతా ఉండిపోయి ఉంటే విడిగా తీసేయాలి. డిస్కార్డ్‌లో పాస్‌వర్డ్ మారిస్తే పాత టోకెన్లు, అంటే లాగిన్ అయి ఉన్నట్టు చూపే గుర్తులు, అన్నీ చెల్లకుండా పోతాయి. కానీ ఆథరైజ్డ్ యాప్స్‌లో ఉన్న బాట్‌ల అనుమతులు అలాగే ఉంటాయి, వాటిని చేత్తో తీసేయాలి. అన్ని స్టోర్లలోనూ సేవ్ చేసిన కార్డులు తీసేయండి. ఒకదానికొకటి లింకైన ఖాతాల జాబితా చూడండి, మీరు కలపని కన్సోల్ ఖాతా అక్కడ ఉంటే దొంగ వచ్చి వెళ్లినట్టే. పిల్లల ఖాతాలు మీ ఈమెయిల్ మీద ఉంటే వాటికీ ఇదంతా వర్తిస్తుంది. గేము డబ్బు కోసం ఎక్కడ పడితే అక్కడ పాస్‌వర్డ్ కొట్టేది ముందు వాళ్లే.

ఇప్పుడు ఆ సైటు

పాస్‌వర్డ్ మార్చండి. భద్రతా ప్రశ్నకు నిజమైన జవాబిచ్చి ఉంటే, అదే ప్రశ్నకు అదే జవాబు ఇంకెక్కడ ఇచ్చారో చూసి అక్కడా మార్చండి. తల్లి పుట్టింటి పేరు మార్చుకోలేం గానీ, సైటుకిచ్చిన జవాబు మార్చుకోవచ్చు. ఇకమీదట అలాంటి ప్రశ్నలకు మేనేజర్ తయారు చేసిన అర్థంలేని అక్షరాలే జవాబు.

ప్రైవేటు మెసేజీలు చెరిపేముందు ఒకసారి చదవండి. అందులో ఎవరి ఫోన్ నంబరో, చిరునామానో ఉంటే వాళ్లకు ఒక మాట చెప్పాలి. ఇప్పుడు చెరిపినా పోయింది వెనక్కి రాదు, రెండో దాడిలో మళ్లీ పోకుండా ఉంటుందంతే. ఖాతాతో పని లేకపోతే మూసేయండి. కొన్ని సైట్లలో ఖాతా తీసేసే బటనే ఉండదు. అప్పుడు ముందు ఈమెయిల్, పుట్టిన తేదీ మార్చి, తర్వాత నిర్వాహకులకు రాయండి. ఐరోపా యూనియన్‌లో ఉన్నవారికి జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం కింద తమ వివరాలు అడిగి తీసుకునే హక్కు, తుడిపించుకునే హక్కు ఉన్నాయి. అడిగిన నెలలోగా జవాబివ్వాలి. లీక్ సంగతి 72 గంటల్లో చెప్పాలనే నియమం నియంత్రణ సంస్థకు చెప్పడం గురించి, సభ్యులకు చెప్పడం గురించి కాదు. మీకు మెయిల్ ఆలస్యంగా రావడానికి అదీ ఒక కారణం.

మీరు అక్కడ మోడరేటరైతే మీ ఖాతా మామూలు సభ్యుడి ఖాతా కాదు, పది వేల మందికి మెసేజీ పంపగల ఖాతా. మీరు ఈ సైటు పాస్‌వర్డునే ముందు మార్చాలి, టూ స్టెప్ కూడా పెట్టాలి.

మళ్లీ ఇలాంటి చోట చేరేటప్పుడు అసలు ఈమెయిల్ ఇవ్వకండి. ఫైర్‌ఫాక్స్ రిలే, సింపుల్‌లాగిన్, ఆపిల్ హైడ్ మై ఈమెయిల్ వంటివి సైటుకో మారు చిరునామా ఇస్తాయి. ఆ చిరునామాకు చెత్త మెయిల్ రావడం మొదలైతే, లీక్ ఎక్కడ జరిగిందో ప్రకటన రాకముందే మీకు తెలిసిపోతుంది. జీమెయిల్ చిరునామాలో ప్లస్ గుర్తు పెట్టి సైటు పేరు తగిలించడం తేలికే గానీ, ప్లస్ తర్వాతి ముక్కను కోసేయడం దొంగకూ అంతే తేలిక.

లీక్ తర్వాత వచ్చే మెసేజీలు

నెలల తరబడి వస్తాయి. మీ యూజర్‌నేమ్, చేరిన సంవత్సరం రాసి మరీ వస్తాయి కాబట్టి నిజమైనవే అనిపిస్తాయి. నష్టపరిహారంగా ఉచిత గేమ్ కీ ఇస్తున్నాం, స్టీమ్‌తో లాగిన్ అవ్వండి అనేది ఒక రకం. లింకు నొక్కితే స్టీమ్ లాగిన్ కిటికీ పైకొస్తుంది, దాని మీద సరైన చిరునామా, తాళం గుర్తు అన్నీ ఉంటాయి. కానీ అది కిటికీ కాదు, పేజీ మీద గీసిన బొమ్మ. ఎలా తేలుతుందంటే, ఆ కిటికీని పట్టుకుని బ్రౌజర్ అంచు దాటించి బయటికి లాగండి. నిజమైనదైతే బయటికి వస్తుంది, బొమ్మ అంచు దగ్గర ఆగిపోతుంది. ఇంకో పరీక్ష: అదే బ్రౌజర్‌లో మీరు స్టీమ్‌లో ముందే లాగిన్ అయి ఉంటే అసలు పేజీ పాస్‌వర్డ్ అడగదు, సైన్ ఇన్ బటన్ మాత్రమే చూపిస్తుంది. పాస్‌వర్డ్ మేనేజర్ తనంతట తాను నింపలేదంటే అదీ ఒక హెచ్చరికే.

రెండో రకం డిస్కార్డ్‌లో వస్తుంది. పొరపాటున నీ స్టీమ్ ఖాతా మీద మోసమని రిపోర్ట్ చేశాను, ఫలానా అధికారితో మాట్లాడు లేకపోతే బ్యాన్ చేస్తారు అంటూ. స్టీమ్ ఉద్యోగులెవరూ డిస్కార్డ్‌లో మాట్లాడరు. జవాబివ్వకండి.

మూడోది భయపెట్టే మెయిల్. సబ్జెక్టులోనే మీ పాత పాస్‌వర్డ్ ఉంటుంది. నీ కెమెరాలో వీడియో తీశాను, బిట్‌కాయిన్ పంపకపోతే అందరికీ పంపుతానంటాడు. వాడి దగ్గర ఉన్నది లీకైన జాబితాలోని ఆ ఒక్క పాస్‌వర్డే. వీడియో ఉన్నవాడు అందులోంచి ఒక బొమ్మైనా చూపిస్తాడు. డబ్బు పంపొద్దు, జవాబు రాయొద్దు. ఆ పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడైనా వాడుతుంటే మాత్రం మార్చండి.

ఖాతా ఇప్పటికే పోయి ఉంటే

ఈమెయిల్ మీ చేతిలోనే ఉంటే, మీ ఈమెయిల్ చిరునామా మార్చారు అని స్టోరు నుంచి వచ్చిన మెయిల్ కోసం వెతకండి. చెత్త ఫోల్డర్, ట్రాష్ కూడా చూడండి. చాలా స్టోర్లు ఆ మెయిల్లో, ఈ మార్పు చేసింది మీరు కాకపోతే ఇక్కడ నొక్కండి అనే లింకు ఇస్తాయి. అది కొద్దికాలమే పనిచేస్తుంది. సపోర్ట్‌కు రాసేముందు ఆధారాలు కూర్చుకోండి: ఖాతా తెరిచినప్పటి ఈమెయిల్, మొదటి కొనుగోలు రసీదు, చెల్లింపు ట్రాన్సాక్షన్ నంబర్లు, పెట్టెలో కొన్న గేమ్ అయితే దాని కీ, కన్సోల్ సీరియల్ నంబరు. ఈమధ్య కొన్న వాటికన్నా పాత రసీదులకే విలువ ఎక్కువ. కొత్తవి దొంగకూ కనిపిస్తాయి, ఐదేళ్ల కిందటి కార్డు ఆఖరి నాలుగంకెలు మీకే తెలుస్తాయి.

దొంగ మీ కార్డుతో ఏదైనా కొంటే ముందు స్టోర్ సపోర్ట్‌తో మాట్లాడండి. నేరుగా బ్యాంకుకు వెళ్లి చెల్లింపు వెనక్కి రప్పిస్తే, స్టీమ్, ప్లేస్టేషన్ వంటివి బకాయి తేలేదాకా ఖాతాకే తాళం వేయవచ్చు. డబ్బు వస్తుంది, గేములు ఆగిపోతాయి. కార్డు బ్లాక్ చేయడం మాత్రం ఆ క్షణమే చేయండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సపోర్ట్‌కు ఒకే టికెట్ పెట్టి అందులోనే కొనసాగించండి. జవాబు రాలేదని రోజుకో కొత్త టికెట్ తెరిస్తే చాలాచోట్ల మీ ఫిర్యాదు వరసలో మళ్లీ వెనక్కి వెళ్తుంది.